సావిత్రమ్మ పెట్టిన బొట్టు

ఖిల్లా ఘణపూర్ కురుమూర్తికి ఒక్క మాటకు మాత్రం నోరు తిరిగేది కాదు. అది "తెల్వదు" అనే మాట. మిగతా వాటన్నిటికీ తిరిగేది. తెలుగు సరే, ఉర్దూ సరే, కంప్యూటర్ల దుకాణాల్లో నడిచే ఇంగ్లిషు సరే, అయిజ దాటి అవతలికి పోతే నాలుగు కన్నడ ముక్కలు కూడా తడుముకోకుండా పలికేవాడు. తెలియని సంగతి అడిగితే మాత్రం అర నిమిషం ఆగి, గడ్డం గోక్కుని, ఏదో ఒకటి చెప్పేవాడు.

అందుకు కారణం వాళ్ల నాయన జంగయ్య. ఏడాదిలో ఎనిమిది నెలలు ఎక్కడెక్కడి కాలువ పనులకో పోయే మనిషి. ఏ ఆఫీసు మెట్లెక్కినా, గుమస్తా ఏమడిగినా "తెల్వదు సారూ" అనేవాడు. గుమస్తాలు నవ్వేవాళ్లు. పాపం జంగయ్య కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. పక్కన నిలబడ్డ కొడుక్కి మాత్రం ఆ నవ్వు మింగుడుపడలేదు. పెద్దయ్యాక డబ్బు సంపాదించాలని గానీ, మేడ కట్టాలని గానీ అతను పెద్దగా అనుకోలేదు. ఆ మాట అనకుండా బతికితే చాలనుకున్నాడు. అదే పెద్ద ఆశ అని అప్పుడతనికి తెలియదు.

డిగ్రీ సగంలో వదిలి, వనపర్తిలో ఆరు నెలలు కంప్యూటర్ రిపేరు నేర్చుకుని, రెండు వేల అయిదులో గద్వాల పాత బస్టాండు దగ్గర దుకాణం పెట్టాడు. బోర్డు మీద "శ్రీ కురుమూర్తి కంప్యూటర్స్" అని రాయించాడు. దేవుడి పేరో తన పేరో ఎవరికి నచ్చినట్టు వాళ్లు చదువుకున్నారు. చేతివాటం ఉన్నవాడే, కాదనలేం. చెడిపోయిన కీబోర్డు నుంచి కదలని ప్రింటరు దాకా చాలా వాటిని లేపి కూర్చోబెట్టాడు. ఊళ్లో పేరు వచ్చింది. పేరు వచ్చాక "తెల్వదు" అనడం మరీ కష్టమైంది.

అయిజలో శ్రవణ్ కుమార్ అని అతని దోస్తు ఒకడున్నాడు. ఇంటి ముందరి గదిలో ఫొటో స్టూడియో నడుపుతూ పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాడు. తండ్రి పోయి అప్పటికి ఆరేళ్లు. ఇంట్లో తల్లి సావిత్రమ్మ, తనూ. గోడకు గోడ ఆనుకుని చిన్నాయన లింగయ్య ఇల్లు. లింగయ్య సీడు పత్తి వేసే రైతు, మాట గట్టి మనిషి. ఆయన భార్య జములమ్మ అంతకంటే గట్టి మనిషి. సావిత్రమ్మకు ఆమె యారాలు, తోటికోడలు. రెండు ఇళ్ల మధ్య గోడలో ఒక తలుపు ఉండేది, అది ఎప్పుడూ తీసే ఉండేది.

శ్రవణ్ దగ్గర ఉన్నది ఒక చిన్న కంపెనీ కంప్యూటర్. హైదరాబాదులో ఏదో ఆఫీసువాళ్లు వాడి తీసేసింది. సన్నటి డబ్బా, నోటుపుస్తకాల కట్టంత మందం. ఉత్తరాలు టైపు చేసుకోవడానికి కంపెనీ చేసిన ఆ డబ్బాతో ఇతను పెళ్లి బొమ్మలు ఆడిస్తున్నాడు. పెళ్లికూతురి ముఖం గులాబీలోంచి విచ్చుకుని రావాలి, పెళ్లికొడుకు పేరు గుండ్రంగా తిరగాలి, పైనుంచి పూలు రాలాలి. జనం అవి అడుగుతున్నారు. ఆ డబ్బా మాత్రం గులాబీ సగం విచ్చుకోగానే బిగుసుకుపోయేది. రెండు వేల ఏడు వేసవిలో లింగయ్య కూతురు శ్రీవాణి పెళ్లి అయింది. చెల్లె పెళ్లి వీడియో జిల్లాలో ఎవరిదీ అట్లా ఉండకూడదని శ్రవణ్ పట్టు పట్టాడు. కురుమూర్తికి ఫోన్ చేశాడు.

"గ్రాఫిక్స్ కార్డు ఏస్తె పనైతదా రా?"

"ఎందుకు గాదు. ఏస్త."

ఆ డబ్బాలో కార్డు వెయ్యొచ్చో లేదో కురుమూర్తికి తెలియదు. అంతవరకు అతను వేసినవన్నీ పెద్ద పెద్ద అసెంబుల్డ్ డబ్బాల్లోనే. సికింద్రాబాదు పోయి పార్క్‌లేన్‌లో ఒక దుకాణం ఎక్కాడు. ఉన్నవాటిలో పెద్ద ఫ్యాను ఉన్న కార్డు చూపించమన్నాడు. దుకాణంలో కూర్చున్న పెద్దమనిషి రెండు ప్రశ్నలు అడిగాడు. మీది సన్న డబ్బానా, అట్లయితే పొట్టి కార్డు కావాలి గదా అన్నాడు. లోపల కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లది, ఈ కార్డు చాలా తింటుంది అన్నాడు. కురుమూర్తి అర నిమిషం ఆగాడు. గడ్డం గోక్కున్నాడు.

"అన్నీ చూసుకునే వచ్చిన అన్నా. సరిపోతది."

పెద్దమనిషి భుజాలు ఎగరేసి కార్డు కట్టి ఇచ్చాడు.

అయిజకు వచ్చి విప్పి చూస్తే కార్డు డబ్బా కంటే వేలెడు ఎత్తు ఎక్కువ ఉంది. మూత పడదు. ఇంకొకడైతే తిరుగు బస్సు ఎక్కేవాడు. కురుమూర్తి మూత పట్టుకుని వెల్డింగ్ షాపుకు పోయి, దాని నడిమధ్య జానెడు పొడవున చీలిక కోయించుకుని వచ్చాడు. కార్డు అంచు ఆ చీలికలోంచి బయటికి వచ్చి నిలబడింది. కార్డు వెనకాల ఉండే ఇనుప పట్టీని రంపపు బ్లేడుతో కోసి తీగతో బిగించాడు. ఆ పని చూసి అతనికి తన మీద తనకే ముచ్చటేసింది. ఎస్‌ఎంపీఎస్ మీద చిన్న అక్షరాలతో చీటీ అంటించి ఉంది. దాన్ని చదవడానికి వంగితే, చదవాల్సి వచ్చిందని శ్రవణ్‌కు తెలుస్తుంది. అందుకని వంగలేదు.

స్విచ్చి వేసే ముందు శ్రవణ్ తల్లిని పిలిచాడు. కొత్త వస్తువు ఏదైనా, బండి కానీ బీరువా కానీ, బొట్టు పెట్టకుండా వాడడం ఆ ఇంట్లో లేదు. సావిత్రమ్మ గడప అవతలే ఆగింది.

"నేనెందుకు బిడ్డా. మీ చిన్నమ్మను పిలుస్త ఆగు."

భర్త పోయిన నాటి నుంచి ఆమె దేనికీ బొట్టు పెట్టలేదు. పెట్టమని ఎవరూ అడగలేదు కూడా.

"ఇది నా పని అమ్మా. నువ్వే పెట్టాలె" అన్నాడు శ్రవణ్.

ఆమె కురుమూర్తి వైపు చూసింది. కట్టుబాటు దాటేటప్పుడు మనుషులు పరాయివాడి ముఖం ఎందుకో చూస్తారు.

"పెట్టు పెద్దమ్మా. ఏం గాదు" అన్నాడు కురుమూర్తి.

ఆమె చేతులు కడుక్కుని వచ్చి, పసుపు తడిపి, ఉంగరపు వేలితో డబ్బా మూతకు ముందు మూలన చిన్న చుక్క పెట్టి దాని మీద కుంకుమ అద్దింది. చీలికకు అది జానెడు దూరం. పొడి రాలకుండా ఎడమ చెయ్యి కింద అడ్డం పెట్టుకుని మరీ అద్దింది. కురుమూర్తి పక్కనే ఉండి అంతా చూశాడు. స్విచ్చి వేశారు. గులాబీ ఒక్కసారి కూడా ఆగకుండా పూర్తిగా విచ్చుకుంది. సావిత్రమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు మధ్యాహ్నం శ్రీవాణి అప్పగింతల ఘట్టం మీద శ్రవణ్ పని చేస్తుండగా టప్‌మని శబ్దం వచ్చి, డబ్బా వెనకనుంచి పొగ లేచింది. ఎస్‌ఎంపీఎస్ మాడింది. మాడుతూ మాడుతూ బోర్డునూ, పెళ్లంతా ఎక్కించి ఉన్న హార్డ్ డిస్కునూ తీసుకుపోయింది. క్యాసెట్లయినా లేవు. చిన్న స్టూడియోలవాళ్లు పాత క్యాసెట్ల మీదే మళ్లీ తీసుకుంటారు. శ్రీవాణి పెళ్లి క్యాసెట్ల మీద అప్పటికే మానవపాడులో ఇంకెవరిదో పెళ్లి ఎక్కేసింది.

కురుమూర్తి బస్సు దిగి వచ్చేసరికి ముందరి గది నిండా మనుషులు. లింగయ్య కుర్చీలో, జములమ్మ తలుపు దగ్గర, శ్రీవాణి ఏడ్చి ఏడ్చి గోడకు ఆనుకుని. సావిత్రమ్మ ఒక మూలన. కురుమూర్తి మూత విప్పి, నల్లబడ్డ ఎస్‌ఎంపీఎస్ ఊడదీసి చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు చదివాడు చీటీ. ఆ చిన్న డబ్బాకు ఎంత కావాలో అంతే ఉంది, కార్డుకు కావలసినదాంట్లో సగం కూడా లేదు. పార్క్‌లేన్ పెద్దమనిషి ముఖం కళ్ల ముందు కనబడింది. సంగతి మొత్తం అర్థమైంది.

"ఏంది సంగతి? ఎందుకు కాలింది?" అన్నాడు లింగయ్య.

అందరూ కురుమూర్తి ముఖమే చూస్తున్నారు. "నాకు తెల్వక ఏసిన కాక, తప్పు నాదే" అంటే అయిపోయేది. లింగయ్య నాలుగు తిట్లు తిట్టేవాడు, అంతే. కానీ ఆ మాట అతని నోట ఎప్పుడు వచ్చింది కనుక. అర నిమిషం ఆగాడు. గడ్డం గోక్కున్నాడు. విప్పిన మూత పక్కనే ఉంది. దాని మూలన ఎండిన బొట్టు కనబడింది.

"కుంకుమ పొడి లోపలికి పడ్డట్టున్నది కాక. బోర్డు మీద పడితె షార్ట్ అయితది."

చేయి మాట అతను ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదని అతనికి తెలుసు. ఈ గడ్డ మీదే పుట్టాడు, ఎవరి చేతికి ఏ పేరు ఉందో చిన్నప్పటినుంచి ఎరిగినవాడు. జములమ్మ మెల్లగా తల తిప్పి సావిత్రమ్మను చూసింది. తర్వాత లింగయ్య చూశాడు. శ్రవణ్ నేల చూశాడు. సావిత్రమ్మ తన కుడి చెయ్యి కొంగులో దాచుకుంది. కురుమూర్తి అది చూశాడు. చూసి, స్క్రూలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. సిగ్గు అనేది అప్పుడే పుట్టింది అతనికి. తప్పు చేసినందుకు కాదు, ఆ చెయ్యి కొంగులోకి పోతుంటే తన చేతులు స్క్రూలు ఏరుతున్నందుకు.

రెండు నెలలకు శ్రవణ్ వేరే కంప్యూటర్ తీసుకున్నాడు. ఈసారి పెద్ద డబ్బా. బిగించింది కురుమూర్తే. బొట్టు పెట్టడానికి జములమ్మను పిలిచారు. ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చి పెట్టింది. సావిత్రమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. చాయ్ కప్పు గడప మీద పెట్టి "తీసుకోండ్రి" అన్నది, గది లోపల కాలు పెట్టకుండా. కురుమూర్తి ఆ చాయ్ ఒక్క గుటకలో మింగి, పనుందని బస్సెక్కాడు.

అప్పటినుంచి అయిజ నుంచి పిలుపు వస్తే ఏదో సాకు చెప్పేవాడు. అయినా సంగతులు చెవిన పడుతూనే ఉండేవి. శ్రీవాణికి మొదటి కడుపు నిలవలేదట. పెళ్లి వీడియో కాలినప్పుడే అనుకున్నాం అన్నారట. రెండోసారి నెల తప్పితే గోడలో తలుపు మూశారట. శ్రీమంతానికి సావిత్రమ్మను పిలవలేదట. ఇవన్నీ శ్రవణే చెప్పాడు, గద్వాలకు వచ్చినప్పుడు దుకాణంలో స్టూలు మీద కూర్చుని.

"తప్పు నాదే రా. పెట్టనంటుంటె నేనే పెట్టిచ్చిన. మా అమ్మకు ఈ గతి నేనే తెచ్చిన."

కురుమూర్తి చేతిలో ఉన్న ప్రింటరు రోలరు తుడుస్తూ ఉండిపోయాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. ఎదురుగా కూర్చున్నవాడు రెండేళ్లుగా కురుమూర్తి తప్పును తన నెత్తిన మోస్తున్నాడు. నోరు విప్పితే ఆ బరువు దించొచ్చు. ఆ రోజూ విప్పలేదు. శ్రవణ్ పోయాక, షట్టరు సగం దించుకుని, తనను తాను నోటికి వచ్చినట్టు తిట్టుకున్నాడు. తిట్టుకోవడం తేలికే కదా, ఎవరూ వినరు.

శ్రీవాణికి కొడుకు పుట్టాడని తెలిశాక ఇక ఆగలేకపోయాడు. ఒక పొద్దున అరడజను యాపిల్ పండ్లు కట్టించుకుని అయిజ పోయాడు. శ్రవణ్ షూటింగ్‌కు పోయాడు. సావిత్రమ్మ వాకిట్లో కూర్చుని ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. రెండేళ్లకే మనిషి తగ్గిపోయింది.

"రా నాయనా, కూసో" అంది.

అతను కూర్చున్నాడు. పండ్ల సంచి ఎక్కడ పెట్టాలో తోచక ఒళ్లోనే పెట్టుకున్నాడు. దారంతా వరస పెట్టుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"పెద్దమ్మా, ఆ దినం కంప్యూటర్ కాలింది నీ బొట్టుకు గాదు. నేను ఏసిన కార్డుకు దాని కరెంటు సరిపోలే. అది నాకు తెల్వకుండె."

"తెల్వదు" అనే మాటకు ఆ నోరు మొదటిసారి అట్లా తిరిగింది. సావిత్రమ్మ చేతులు ఆగలేదు. ఇంకో నాలుగు కాయల తొడిమలు తీసింది.

"కాలినంక తెల్సిందా?"

"తెల్సింది."

"తెల్సినంకనే కుంకుమ అన్నవా?"

"అవును పెద్దమ్మా."

"నా చేతి మీదికి వస్తదని గుడ తెల్సా?"

దీనికి అబద్ధం చెప్పడానికి వీలుంది. అంత దూరం ఆలోచించలేదు పెద్దమ్మా అంటే ఆమె నమ్ముతుంది కూడా. కురుమూర్తి అర నిమిషం ఆగాడు. గడ్డం మీదికి పోయిన చెయ్యి దించుకున్నాడు.

"తెల్సు."

అప్పుడు ఆగాయి ఆమె చేతులు. తల ఎత్తి అతని ముఖం చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"నేను మూలకు పెట్టిన. చెయ్యి అడ్డం గుడ పెట్టుకున్న. ఇన్ని దినాలు అదే యాదికి తెచ్చుకుంటున్న, ఏ పక్క నుంచి పడెనా అని. సదువుకున్నోడు చూసి చెప్పిండు, పడే ఉంటది అనుకున్న. పిల్లకు కడుపు పోయినప్పుడు ఇంట్ల కూసోని ఈ చేతినే చూసుకుంట ఉన్న."

కురుమూర్తికి ఏడుపు వచ్చింది. ఆమె ఓదార్చలేదు. ఓదార్చాల్సిన అవసరం ఏముంది. ఒక్కటే అడిగింది.

"ఎల్లుండి పిలగానికి తొట్టెల. అందరు వస్తరు. ఆడ చెప్తవా?"

ఇద్దరి మధ్యే చెప్పి, కాళ్లు పట్టుకుని, పండ్లు ఇచ్చి పోదామని వచ్చినవాడు. చెప్తా అన్నాడు.

బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజు తొట్టెల, ఉయ్యాలలో వేసే వేడుక. లింగయ్య ఇంటి ముందు షామియానా. శ్రవణ్ కెమెరా పట్టుకుని తిరుగుతున్నాడు. ముత్తయిదువలు ఉయ్యాలకు పసుపు రాసి, బిడ్డను చేతులు మార్చుకుంటూ పాటలు పాడుతున్నారు. ఎవరూ చూడని పక్క, వెనక పెరట్లో, సావిత్రమ్మ వంట గిన్నెల దగ్గర ఉంది. గోడలో తలుపు ఆ రోజు తీశారు, వంటకు మనిషి కావాలి కాబట్టి.

మగవాళ్లు భోజనాలకు లేవబోతుంటే కురుమూర్తి లింగయ్య ముందు నిలబడ్డాడు. గొంతు పెద్దది చేసి చెప్పాడు. కార్డు సంగతి, పార్క్‌లేన్‌లో అడిగిన ప్రశ్న, చదవని చీటీ, కుంకుమ మాట అబద్ధమని. పాట పాడేవాళ్లు కూడా ఆగి విన్నారు. చెప్పడం అయ్యాక తిట్లకు తల వంచుకున్నాడు.

లింగయ్య లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"మంచోనివి బిడ్డా. మా వదిన పరేషాన్ చూడలేక తప్పు నీ మీద ఏసుకుంటున్నవ్. ఈ కాలంల గింత ఎవలు చేస్తరు."

"గట్ల గాదు కాక, నిజంగనే..."

"మాకెరుకలే. పో, కూసోని తిను జర."

కురుమూర్తి మళ్లీ మొదటినుంచి చెప్పబోయాడు. వాట్లు అన్నాడు, బోర్డు అన్నాడు. ఎంత చెబితే అంత మెచ్చుకున్నారు. కన్నతల్లికి చేసినట్టు చేస్తున్నాడు పిల్లగాడు అని ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. జములమ్మ లడ్డూలు పొట్లం కట్టించి అతని చేతిలో పెట్టింది. అబద్ధం చెప్పిన రోజు ఈ మనుషుల్లో ఒక్కరు కూడా ఇదెట్లా అని అడగలేదు. రుజువు చూపమనలేదు. నిజానికి మాత్రం ఎక్కడా చోటు లేదు. జనం పాటలోకి మళ్లిపోయారు.

అతని మాట నమ్మినవాడు ఒక్కడే కనిపించాడు. శ్రవణ్ కెమెరా దించి అతన్ని చూస్తూ నిలబడ్డాడు. కురుమూర్తి దగ్గరికి పోయి "అరేయ్" అనేలోపల అతను కెమెరా మళ్లీ కంటికి ఆనించుకుని ఉయ్యాల వైపు తిరిగిపోయాడు. తర్వాత అతను గద్వాల దుకాణానికి రాలేదు.

కురుమూర్తి పెరట్లోకి వచ్చాడు. సావిత్రమ్మ అన్నీ విన్నట్టే ఉంది. ఒక విస్తరి వేసి, అన్నం పెట్టి, పప్పు పోసింది.

"తిను" అంది.

"నమ్మలే పెద్దమ్మా. ఎంత చెప్పినా నమ్మలే."

ఆమె ఇంకో గరిట పప్పు పోసి, గిన్నె కింద పెట్టి, కుడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"ఆ దినం చెప్పుంటె నమ్ముతుండిరి నాయనా. ఆ దినం నువ్వేం చెప్పినా నమ్ముతుండిరి."

షామియానా కింద బిడ్డను ఉయ్యాలలో వేశారు. సావిత్రమ్మ గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి పోయింది. కురుమూర్తి విస్తరి ముందు కూర్చుని ఉండిపోయాడు.